అత్తగారి నాలుక

మా అత్తగారికి షుగర్ వచ్చిన మర్నాడే నాకు ఉద్యోగం వచ్చింది.

అంతకుముందు నేనేమీ ఖాళీగా లేను. మాది బేకరీ. ముందు షాపు, వెనక ఓవెన్ గది, పైన ఇల్లు. కేకుల మీద క్రీము పువ్వులు వేసేది నేను, ట్రేలు కడిగించేది నేను, పిండి కలిపే మెషిన్ మొరాయిస్తే నాలుగు తిట్టి దారికి తెచ్చేదీ నేనే. కానీ అవి ఎవరైనా చేసే పనులు. నేను చెప్తున్న ఉద్యోగం వేరు.

బేకరీ పెట్టింది మామగారని బోర్డు మీద ఉంటుంది గానీ, దాన్ని నిలబెట్టింది అత్తగారే. పొద్దున్నే మొదటి ట్రే బయటికి రాగానే ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేది. తల ఊపితే షాపు తెరిచేవాళ్ళం. పెదవి విరిస్తే ఆ ట్రే మొత్తం పక్కకి పోవాల్సిందే. మామగారు బతికున్నప్పుడు ఆయన కూడా ఆ తల ఊపు కోసం చేతులు కట్టుకుని నిలబడేవారట. అలాంటి మనిషిని డాక్టరమ్మ తీపి ముట్టుకోవద్దంది. ముందు మాత్రలు, తర్వాత ఇంజక్షన్లు. అత్తగారు ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. తీపి మానెయ్యమన్న మర్నాడే ఓవెన్ ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. అందరి మొహాలూ వరసగా చూసి, "పెద్దదానా, ఇలా రా. నువ్వు తిని నాకు చెప్పు" అంది.

తిన్నాను. "బాగుంది అత్తయ్యా" అన్నాను.

"బాగుందని మా తమ్ముడి పెళ్ళాం కూడా అంటుంది. నాలుకకి ముందేం తగిలింది? వెనకాల ఏం వచ్చింది? మింగాక ఏం మిగిలింది? అది చెప్పవే."

నాకు మాటలు రావడానికి చాలా రోజులే పట్టింది. మెల్లగా వచ్చాయి. వెన్న ముందొచ్చింది అత్తయ్యా, తీపి తీరిగ్గా వెనకాల నడిచొచ్చింది అనేదాన్ని. అంచు కాస్త మాడింది గానీ ఆ చేదే దీనికి అందం అనేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని గుటక వేసేది. ఒక్కోసారి చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకుని, "ఆగు, ఆగు, మళ్ళీ చెప్పు" అనేది. చెప్పడం అయ్యాక ఆవిడ ఇంజక్షన్ నేనే వేసేదాన్ని. అదయ్యాక ఇద్దరం ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ దులిపి ఆరేసేవాళ్ళం. పెద్దావిడ నాలుక పెద్దకోడలి నోట్లో ఉందని చుట్టాలు అనుకునేవారు. "ఇద్దరు పెట్టే చివాట్లూ ఒకే నోటి నుంచి పడుతున్నాయి, నా బతుకేం కాను" అని మా ఆయన ఓవెన్ దగ్గర నుంచి గొణిగేవాడు. నాకు మాత్రం ఒళ్ళు తేలిపోయేది. పుట్టింట్లో ముగ్గురాడపిల్లల్లో మధ్యదాన్ని. నన్ను పేరుపెట్టి పిలవడానికి ముందు మా అమ్మ మిగతా ఇద్దరి పేర్లూ పిలిచేది. అలాంటి నన్ను ఒక మనిషి, అందులోనూ అలాంటి మనిషి, ఏరి పిలిచింది.

మా తోడికోడలిని అందరూ చిన్నది అంటారు. మా మరిది పెళ్ళాం. షాపులో కౌంటర్ దగ్గర కూర్చుని డబ్బులు తీసుకుని చిల్లర ఇస్తుంది. నెమ్మదైన పిల్ల, పది అడిగితే ఒకటి చెప్పే రకం. నోట్లో నాలుక లేదు పాపం అనేవారు వచ్చేపోయేవాళ్ళు. ఇంటికి ఒక్క నాలుకే, అది నా దగ్గరుంది అని నేను నవ్వేదాన్ని. కౌంటర్‌కీ ఓవెన్ గదికీ మధ్య గాజు తలుపు. అటు కూర్చుంటే ఇటు మనుషులు కనపడతారు, మాటలు వినపడవు.

ఒకరోజు ఆ తలుపు అవతల ఎవరో కేక వేశారు. వెళ్ళేసరికి చిన్నది కౌంటర్ పట్టుకుని వణుకుతోంది. మొహం నిండా చెమట. చిల్లర డబ్బులన్నీ తీసి బ్రెడ్డు కొన్నాయన సంచిలో పోసిందట. పేరు పెట్టి పిలిస్తే ఏదో సంబంధం లేని సమాధానం చెప్పింది, అలాగే కిందకి జారిపోయింది.

"పొద్దున్న తిని ఉండదు. కాస్త గాలాడనివ్వండి, అదే లేస్తుంది" అన్నాను.

అత్తగారు నా మాట వినిపించుకోలేదు. తన షుగర్ మెషిన్ తెప్పించి, చిన్నదాని వేలు గుచ్చి, అంకె చూసి బిత్తరపోయింది. "ఇంత తక్కువ నాకు జన్మలో రాలేదే!" అంది. పంచదార నీళ్ళు కలిపి తనే గుక్కగుక్కగా తాగించింది. చిన్నదాని తల ఆవిడ ఒళ్ళో ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి, తన మీదకి వంగిన ఆ మొహాన్ని చూసి చిన్నది నవ్వింది. అప్పుడే నాకెక్కడో చురుక్కుమంది. ఎందుకో తెలియలేదు.

తర్వాత అలా చాలాసార్లు అయింది. ఒకసారి మెట్ల మీద, ఒకసారి బట్టలు మడతపెడుతూ. డాక్టర్లకి అంతు చిక్కలేదు. షుగర్ జబ్బు లేదు, మందులేవీ వాడదు, మరి షుగర్ ఎందుకు పడిపోతోంది? ప్రస్తుతానికి గంట గంటకీ ఏదో ఒకటి తింటూ ఉండమన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తగారు తేలిగ్గా ఒక ముక్క అనేసింది.

"ఎలాగూ తింటూ ఉండాలి కదా, ఆ మొదటి ముక్క కూడా ఇదే తింటుందిలే. పెద్దదానా, నీకూ ఒళ్ళొస్తోంది."

నాకు ఒళ్ళొస్తోందట! ఇన్నేళ్ళు నా నోరు కావలసి వచ్చినప్పుడు నా నడుము ఎవరికీ కనపడలేదు.

మర్నాడు నేను క్రీము గిన్నె ముందేసుకుని ఓ మూల నిలబడ్డాను. చిన్నది నా చోట నిలబడింది. బన్ను ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, భయంభయంగా, "ఎండలో ఆరేసిన దుప్పటి మడతపెడుతుంటే ఒక వాసన వస్తుంది చూడండి అత్తయ్యా... అలా ఉంది" అంది.

దుప్పటిట! రేపు తలగడ అంటుంది, ఎల్లుండి పరుపు అంటుంది అనుకున్నాను. నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. అత్తగారు కళ్ళు తెరిచి, కుర్చీలో ముందుకి వంగి, "అవునే! కొత్త పిండి వాసన! భలే పట్టావే!" అని దాని చెయ్యి పట్టుకుంది. నన్ను మోచెయ్యి పట్టుకునేది. దాన్ని ఏకంగా అరచెయ్యే పట్టుకుంది. నేను వేస్తున్న గులాబీ ముద్దలా కింద పడింది.

ఉడికిపోయానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. పొద్దున లేస్తే అదే, పడుకుంటే అదే. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇదే అత్తగారు మాత్ర చేతిలో పెట్టి, "క్రీము విరిగిపోతోంది, తొందరగా లే" అంది. చిన్నదానికి మాత్రం పక్కన కూర్చుని జుట్టు చిక్కు తీసేది. మరిది కొట్లకి సరుకు వేసి రావడం మానేసి ఇంటి చుట్టూ తిరిగేవాడు. మా ఆయన కూడా, నా మొగుడు, మైదా చేతులతో వచ్చి "చిన్నమ్మాయి తిన్నదా?" అని అడిగేవాడు. నేను తిన్నానో లేదో అడిగినవాడు లేడు. వేషాలు వేస్తోంది అనుకుందామంటే మెషిన్ మీద అంకె కళ్ళెదురుగా ఉంది. ఒకసారి అనుమానం తీరక నేనే గుచ్చి చూశాను. నిజంగానే తక్కువ. ఆ మెషిన్ మీద కూడా కోపమొచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి. ఒక మధ్యాహ్నం భోజనం మానేసి, మేడ మెట్లు ఎక్కి దిగి ఎక్కి దిగి, తలుపేసుకుని నా వేలు గుచ్చుకున్నాను. నాకూ పడిపోతే బాగుండునని. అంకె నిమ్మకు నీరెత్తినట్టు ఉండాల్సిన చోటే ఉంది. తలుపు తీసుకుని మా ఆయన వచ్చాడు.

"నీకేం రోగమొచ్చింది?"

"రాలేదు. అదే నా ఏడుపు" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మగాళ్ళకి ఇలాంటివి అర్థం కావు, ఒక్కోసారి అదే మంచిది.

ఈలోగా ఆసుపత్రిలో ఇంకో మాట చెప్పారు. పడిపోయినప్పుడు తీసిన రక్తంలో ఇన్సులిన్ మరీ ఎక్కువగా ఉందట. పొట్టలో పాంక్రియాస్ అనే అవయవం దాన్ని తయారు చేస్తుందట. అందులో ఎక్కడో మిరియపు గింజంత గడ్డ ఉండొచ్చు, అదే అదుపు లేకుండా ఇన్సులిన్ వదులుతూ ఉండొచ్చు అన్నారు. స్కాన్‌లో ఏదో నీడ, ఉందంటే ఉంది, లేదంటే లేదు. కోసి చూసి, అనుమానమున్న భాగం తీసేద్దాం అన్నాడు పెద్ద సర్జను. ఇల్లంతా గుడ్లు తేలేసింది. చిన్నది మాత్రం "సరే సార్" అంది. అంత తేలిగ్గా అన్నందుకు అత్తగారు దాని ధైర్యం గురించి వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పింది. నా ధైర్యం గురించి ఆవిడ ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

ఆపరేషన్‌కి ఇంకా కొన్ని వారాలుందనగా అత్తగారి తమ్ముడు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆవిడ చూడటానికి వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉండాల్సొచ్చింది. ఇన్సులిన్ సీసా, సూదులు, మెషిన్ అన్నీ ఐసు డబ్బాలో సర్ది నేనే ఇచ్చి పంపాను. "చిన్నదాన్ని కనిపెట్టుకుని ఉండు. అది పడిపోయిందో, నీ పని చెప్తా" అని వేలు చూపించి మరీ బండెక్కింది.

చిన్నది పడిపోలేదు. ఒక్కసారి కూడా పడిపోలేదు. పైపెచ్చు బరువు ట్రేలు ఎత్తింది, షాపు గాజులన్నీ తుడిచింది. తినడం మర్చిపోయిన రోజున కూడా బాగానే ఉంది. చూసేవాళ్ళు లేకపోతే నాటకం నడవదు కదా అని నేను మనసులో దెప్పాను. కానీ మెషిన్ అబద్ధమాడదే, మరి అదెలా అని నాకే మళ్ళీ ప్రశ్న.

అత్తగారు తిరిగొచ్చింది. వచ్చిన పొద్దున నేనే కొత్త సీసా తెరిచి ఆవిడకి ఇంజక్షన్ వేసి, సీసాని ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టాను. మధ్యాహ్నం చిన్నది కౌంటర్ దగ్గర మళ్ళీ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, రక్తం తీశారు, నిలదొక్కుకున్నాక పంపించేశారు. సాయంత్రం ఇంజక్షన్ కోసం ఫ్రిజ్ తెరిచి సీసా వెలుతురుకి పెట్టి చూశాను. రోజూ నా చేత్తో తీసే మందు. ఎంత ఉండాలో నాకు తెలియదూ? ఉండాల్సినంత లేదు. ఈమధ్య సీసాలు తొందరగా అయిపోతున్నాయని, నా చేతివాటంలోనే ఏదో తేడా ఉందని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఆ నిమిషంలో అన్నీ ఒక్కసారి కుదురుకున్నాయి. అత్తగారు వెళ్ళినప్పుడు వెళ్ళింది ఆవిడొక్కతే కాదు. ఆ డబ్బా కూడా వెళ్ళింది.

చిన్నది సరుకుల గదిలో ఉంది. వెళ్ళి తలుపు వేశాను.

"ఆ సీసా ఎందుకు తగ్గింది?"

"ఏ సీసా అక్కా?"

"నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు. అత్తయ్య లేనన్నాళ్ళూ రాయిలా ఉన్నావు. ఆవిడ వచ్చింది, మందొచ్చింది, నువ్వు పడ్డావు."

అది మైదా బస్తా మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చీర మీద పడ్డ పిండి దులుపుకుంటూ, "ఆపరేషన్ అయిపోనీ అక్కా. ఆ తర్వాత మానేస్తాను. కోశారు కాబట్టి నయమైందనుకుంటారు. ఎవరికీ అనుమానం రాదు" అంది.

బస్తాలు మేడ మీదకి చేర్పించే సంగతి మాట్లాడినంత మామూలుగా అంది.

"బాగున్న అవయవాన్ని కోసి పారేస్తారే! చచ్చిపోవచ్చు కూడా. బతికినా రేపు నీకు నిజంగా షుగర్ రావచ్చు, తెలుసా?"

"తెలుసు. సర్జను గారు చెప్పారు." కాస్త నవ్వినట్టే ఉంది. "అప్పుడు నాకూ ఎవరో ఒకరు ఇంజక్షన్ వెయ్యాలి కదక్కా."

"ఎందుకే? ఏం తక్కువైంది నీకు?"

"ఆ గాజు తలుపులోంచి మిమ్మల్నిద్దర్నీ రోజూ చూసేదాన్ని. నువ్వేదో చెప్తావు. ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వుతుంది. ఏం చెప్తున్నావో వినపడేది కాదు. నాతో ఆవిడ మాట్లాడింది ఒకటే, చిల్లర ఉందా అని. ఎన్నేళ్ళయిందక్కా నేనొచ్చి?"

సిగ్గులేకుండా చెప్తున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది. నా మీద కూడా ఒక మనిషి కళ్ళల్లో నిప్పులు పోసుకుందా! నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారా! ఆ సంతోషం ఒక్క క్షణమే. మరుక్షణం దాని జబ్బలు పట్టుకుని కుదిపేశాను.

"ఇప్పుడే వెళ్ళి చెప్పు. లేకపోతే నేను చెప్తాను."

"చెప్తే నా మొహం మళ్ళీ ఎవరూ చూడరు. నువ్వు చెప్పినా నమ్మరు. నీకు నేనంటే పడదని వీధి వీధంతా తెలుసు." బెదిరింపుగా అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది. అది లేచి, తలుపు తీసుకుని కౌంటర్ దగ్గరకి పోయింది.

అత్తగారి సీసా తీసుకెళ్ళి మా గదిలో బీరువాలో పెట్టి తాళం వెయ్యాలన్న తెలివి ముందు వచ్చింది. చల్లగా ఉండాలి కదా అన్నది తర్వాత గుర్తొచ్చి, ఐసు డబ్బాతో సహా పెట్టి తాళం వేశాను. తర్వాత ఒక పుట్టినరోజు కేకు ముందేసుకుని కూర్చున్నాను. మనసు అక్కడ లేదు. లెక్క చాలా తేలిక. నేను నోరు మూసుకుంటే ఆపరేషన్ అవుతుంది. దానికి నయమవుతుంది. నయమైన మనిషి గంట గంటకీ తినక్కర్లేదు. కౌంటర్ దగ్గరకి పోతుంది. మొదటి ముక్క మళ్ళీ నాది. అత్తగారు మళ్ళీ నా మనిషి. అందుకు నేను ఏ పాపమూ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. అదే చెప్తే? అసూయతో అంటోంది అంటారు. అదీ అబద్ధం కాదాయె. కోయించుకుంటానని తనే అంటుంటే మధ్యలో నాకేంటి?

కేకు మధ్యలో పొంగితే క్రీము సరిగ్గా నిలవదు. ఆ పొంగు కోసి చదును చెయ్యాలి. రంపపు కత్తి పెట్టి కోశాను. కోసిన ముక్క నా చేతిలోకి వచ్చింది. మెత్తగా, చక్కగా ఉడికిన ముక్క, ఏ లోపమూ లేదు దాంట్లో. చేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. కత్తి కింద పెట్టేశాను.

మర్నాడు అత్తగారి షుగర్ చూసే డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది గానీ తీసిపారెయ్యలేదు. మన ఒంట్లో ఇన్సులిన్ పుట్టేటప్పుడు దానికి తోడుగా ఇంకో పదార్థం కూడా పుడుతుందట. సూదితో ఎక్కించుకున్న దానికి ఆ తోడు ఉండదట. నిన్న పడిపోయినప్పుడు తీసిన రక్తం ఆసుపత్రిలోనే ఉంది, దాన్ని ఆ పరీక్షకి పంపిస్తాను అంది. "మీరు వచ్చినట్టు నేను ఎవరికీ చెప్పను. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది కూడా జబ్బే. ఆమెని తిట్టి లాభం లేదు" అంది. కావాలని చేసుకున్నదానికి కూడా జబ్బనే మర్యాద దక్కింది. దాని అదృష్టం అలాంటిది అనుకుంటూ బస్సెక్కాను.

ఆపరేషన్ కోసం చిన్నదాన్ని ఆసుపత్రిలో చేర్పించారు. మర్నాడు కోస్తారనగా డాక్టరమ్మ వచ్చి ముందు దానితో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత మమ్మల్నందర్నీ గదిలోకి పిలిచింది. చిన్నది గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఆపరేషన్ అక్కర్లేదు. గడ్డ లేదు. ఈమె రక్తంలో ఉన్న ఇన్సులిన్ ఈమె ఒంట్లో తయారైంది కాదు, బయటి నుంచి వెళ్ళింది. నేను చెప్పగలిగింది ఇంతే. మిగతాది ఈమె చెప్పాలి, తనకి చెప్పాలనిపించినప్పుడు. తొందరపెట్టకండి" అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

మరిది మొహంలో రంగులు మారాయి. "బయటి నుంచంటే... ఎవరైనా ఎక్కించారనా?" అన్నాడు. నా వైపు తిరిగాడు. "వదినా, ఇంట్లో ఇంజక్షన్లు ఎవరు వేస్తారు?"

మా ఆయన "ఒరేయ్!" అన్నాడు. ఆ అనడంలో బలం లేదు. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు.

"నేను కాదు" అన్నాను. అందరినీ వదిలేసి అత్తగారి వైపు చూశాను. నాకు కావలసింది ఆవిడొక్కతే. మిగతా లోకం ఏమనుకుంటే నాకేం?

అత్తగారు నా వైపు తిరిగింది. "ఆ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నావట. ఎందుకే?" అంది.

చెప్పేదేముంది? చెప్తే చిన్నదాని మీద నెట్టినట్టు ఉంటుంది.

"అది నా పక్కన కూర్చుంటే నువ్వు గిన్నెలు ఎలా పడేస్తావో నాకు వినపడదనుకున్నావా? నీకు దాని మీద ఎంత కడుపుమంటో నాకు తెలుసే. కానీ ఇంత పని..." అని ఆపేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కడుపుమంట నిజం. అక్కడే నా నోరు పడిపోయింది. ఇన్నేళ్ళు ఆవిడకి నా నోటితో నిజం చెప్పాను. తీపి ఎక్కువైతే ఎక్కువైందన్నాను, మా ఆయన మాడిస్తే మాడిందన్నాను. ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ నాలుకనే ఆవిడ నమ్మడం లేదు. మా ఇద్దరి మధ్యా అదొక్కటే ఉందనుకున్నాను, అదీ లేదు. చిన్నది ఇంకో నిమిషం అలా గోడ వైపు తిరిగి కూర్చుంటే చాలు. అది కోరుకున్నదంతా దానికి దక్కుతుంది. నేను ఆ ఇంట్లోంచి శాశ్వతంగా పోతాను. కోతా లేదు, రక్తమూ లేదు.

"అక్క కాదు అత్తయ్యా."

చిన్నది ఇటు తిరిగింది.

"నేనే. మీ సీసాలోంచి తీసుకుని నాకు నేనే చేసుకున్నాను. అక్కకి తెలిసింది మొన్ననే. మానేసి చెప్పెయ్యమని అరిచింది. డబ్బాకి తాళం వేసింది కూడా నాకు అందకుండానే. డాక్టరమ్మకి కూడా అక్కే చెప్పి ఉంటుంది, లేకపోతే రేపు నన్ను కోసేవారు."

మరిది మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. అత్తగారు లేచింది. లేచి నా ముందు నుంచే నడిచి వెళ్ళింది. దాన్ని కొడుతుందని నేను అనుకున్నాను. ఇంతమందిని హడలగొట్టినందుకు, నా మీద పడ్డ నిందకి, ఒక్కటైనా వేస్తుందనుకున్నాను. ఆవిడ మంచం ఎక్కి కూర్చుని, చిన్నదాని తల లాగి ఒళ్ళో పెట్టుకుని, "పిచ్చిమొహమా, నన్ను పిలిస్తే పలకనా? నాకు నీ చావు కావాలా?" అని గట్టిగా ఏడ్చింది. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, తీసేశాను. ఆ గదిలో తప్పు చెయ్యని మనిషిని నేనొక్కదాన్నే. నన్ను ఎవరూ ఒళ్ళోకి లాక్కోలేదు. ఆ తప్పేదో నేనే చేసి ఉంటే బాగుండేదని, నిజంగా, ఒళ్ళంతా అనిపించింది.

నర్సు వచ్చి, రాత్రికి పేషెంటుకి తోడు ఎవరుంటారని అడిగింది.

"నేనుంటా" అంది అత్తగారు. తల ఎత్తకుండానే నాతో, "నువ్వెళ్ళి పొద్దున షాపు సంగతి చూసుకో" అంది. నా వైపు చూడలేకపోతోందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు.

"మరి పొద్దున మీ ఇంజక్షనో?"

"నర్సమ్మ వేస్తుందిలే."

ఆ ముక్కతో నాకు మిగిలిన ఆ కాస్త కూడా పోయింది. చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను, కళ్ళు సరిగ్గా కనపడటం లేదు.

అప్పుడు చిన్నది ఆ ఒళ్ళోంచే, బొంగురు గొంతుతో, "వద్దత్తయ్యా. ఎవరు వేసినా మీకు నొప్పెడుతుంది. అక్క వేస్తే మీరు మాట్లాడుతూనే ఉంటారు, వేసినట్టు కూడా తెలియదు మీకు. నేను చూశాగా" అంది.

అత్తగారు అప్పుడు తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుని, నన్ను చూసి, "పొద్దున్నే వచ్చెయ్యవే" అంది.

వస్తానన్నాను. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఆ జబ్బు దాని సొంతం, ఆ ఒడి దాని సొంతం. చివరికి ఆ మంచితనం కూడా, నేను చెయ్యాల్సిన చోట, అదే చేసేసింది.